చివికిన మోటర్‌హోమ్ గోడ గురించి మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం, దానితో పంపిన ఫోటోలు చూశాను. నీ మోటర్‌హోమ్‌లో, అంటే లోపలే పడకలూ వంటగదీ ఉన్న ఆ బండిలో, డ్రైవర్ సీటు పైనున్న పడక మూలన గోడ వేలితో నొక్కితే లోపలికి పోతోందనీ, ఈ వారమే ఆ ప్లైవుడ్‌ను కోసి కొత్తది బిగిస్తాననీ రాశావు. పాత మోటర్‌హోమ్‌లలో తరచుగా ముందు చివికేది ఆ మూలే, ఎందుకంటే ప్రయాణంలో ఎదురుగాలికి కొట్టే వాన అంతా అక్కడి కిటికీ మీద, మూల అతుకుల మీద పడుతుంది. పని నీ చేతనవుతుందనడంలో నాకు సందేహం లేదు. అయితే రంపం పట్టే ముందు నీరు ఎక్కడినుంచి దిగుతోందో తేల్చుకో. అది తేలకుండా వేసిన కర్ర కూడా కొన్నేళ్లకు పాతదాని దారే పడుతుంది.

కర్రను తినేది శిలీంధ్రం. కర్రలో తేమ 20 శాతం లోపు ఉన్నంతకాలం అది పెరగజాలదు. అంతకు మించిన తేమ నిలిచిపోతే, కర్రలో నారలాంటి సెల్యులోజ్‌ను తినేసి, ఆ నారను పట్టి ఉంచే లిగ్నిన్‌ను వదిలేస్తుంది కనుక, కర్ర ముదురు గోధుమరంగుకు తిరిగి, చిన్న చిన్న ఘనాలుగా పగిలి, వేళ్ల మధ్య పొడి అయిపోతుంది. ఇలాంటి గోడలో సన్నని కర్ర చట్రం, దాని సందుల్లో థర్మాకోల్ పలకలు, బయట అల్యూమినియం లేదా ఫైబర్‌గ్లాస్ రేకు, లోపల పలుచని ప్లైవుడ్ ఉంటాయి కాబట్టి, ఒకసారి చేరిన నీరు ఆరిపోవడానికి దారి ఉండదు. మరక కనిపించిన చోటే నీరు దిగిందనుకోవద్దు. పైకప్పు అంచున దిగినది చట్రం వెంబడి జారి ఎక్కడో కింద బయటపడుతుంది.

కారే చోటు కనిపెట్టడానికి ఇద్దరు కావాలి. ఒకరు లోపల టార్చిలైటుతో చూస్తుండగా, మరొకరు బయటినుంచి మామూలు పైపుతో ఒక్కొక్క అతుకునూ కొన్ని నిమిషాలపాటు తడపాలి. కిందినుంచి మొదలుపెట్టి పైకి వెళ్లాలి, ఎందుకంటే పైనుంచి మొదలుపెడితే కారిన నీరు కింది అతుకులన్నిటినీ తడిపి, దోషం దేనిదో తెలియనివ్వదు. పైకప్పు గాలిగూళ్లు, మూలల పట్టీలు, ముందు పైభాగంలోని చిన్న దీపాలు, నిచ్చెన బోల్టులు, ఒక్కటీ వదలవద్దు. ఆ దీపాలను చాలామంది అనుమానించరు, నేను మాత్రం ముందుగా వాటినే చూస్తాను.

తర్వాత చివుకు ఎంతవరకు పాకిందో చూడాలి. సన్నని స్క్రూడ్రైవర్‌తో పొడుస్తూ, తేమ మీటరుతో కొలుస్తూ, ఆ హద్దును పెన్సిలుతో గోడ మీదే గీసుకో. గోడ వెనుక రేకు గానీ స్క్రూలు గానీ ఉన్నచోట మీటరు అబద్ధం చెప్పవచ్చు కనుక పొడిచి చూసినదాన్నే నమ్ము. విప్పడం మొదలుపెట్టే ముందు గ్యాసు, బ్యాటరీ, బయటి కరెంటు మూడూ ఆపెయ్యి, ఎందుకంటే గోడలో తీగలు ఎటు పోతున్నాయో పైకి కనిపించదు. బూజు దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు, మాస్కు తప్పనిసరి. పడక బరువును కింద నిలువు కర్రలతో ఆపకుండా చట్రం ముక్కలు తీస్తే బయటి రేకు కుంగిపోతుంది.

చివుకు కనిపించినంత మేరకే కోసి ఆగవద్దు. గట్టి కర్ర తగిలాక ఇంకొక అడుగు వరకు తీసెయ్యడం మంచిది. మిగిలినదాన్ని ఫ్యాను పెట్టి ఆరనివ్వు. తేమ 15 శాతం కిందికి దిగేవరకు, వారాలు పట్టినా సరే, మూయవద్దు. ఈ పనిలో ఓపిక చాలక చెడేది ఎక్కువగా ఇక్కడే. ఆ తర్వాత గట్టి కర్రకు శిలీంధ్రాన్ని ఆపే బోరేట్ ద్రావణం పూసి, దాన్నీ ఆరనివ్వు. మెత్తబడిన కర్రలో ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే రాయిలా గట్టిపడే జిగురు) పోసి గట్టిపరచమని కొందరు చెబుతారు. అలంకారపు పట్టీకి అది సరిపోతుంది, బరువు మోసే చట్రానికి నేను ఒప్పుకోను.

కొత్త చట్రానికి, చివకకుండా రాగి లవణాలు పట్టించిన కర్ర కొనవద్దు, ఎందుకంటే తేమలో అది అల్యూమినియం రేకుకు తగిలితే రేకు తినుకుపోతుంది. అలాంటి మందు పట్టించని, బాగా ఎండిన కర్ర తీసుకుని, పాత నిలువు కర్ర పక్కన కొత్తదాన్ని జతగా ఆనించి, జిగురుతోనూ స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూలతోనూ బిగించు. ప్లైవుడ్‌ను అతకవలసి వస్తే అంచులను మందానికి ఎనిమిది రెట్లు పొడవుగా ఏటవాలుగా చెక్కి అతికించు, కోసిన అంచులన్నిటికీ ఎపాక్సీ పూత వెయ్యి.

బయటి అతుకుల్లో పాత సిలికాన్ ఉంటే దాన్ని పూర్తిగా గీకి తీసెయ్యాలి, దాని మీద మరేదీ సరిగా అంటుకోదు. మూలల పట్టీల కింద బ్యూటైల్ టేపు (జిగటగా ఉండే రబ్బరు టేపు) పరిచి స్క్రూలు బిగించి, పైన సందులు మూసే సీలెంట్ వెయ్యి. రబ్బరు పైకప్పు అయితే పెట్రోలు జాతి ద్రావకాలతో తుడవవద్దు, అది ఉబ్బిపోతుంది. తర్వాత పైపు పరీక్ష మళ్లీ చేసి, లోపల పొడిగా ఉందని చూసుకున్నాకే లోపలి ప్లైవుడ్ బిగించు. వంట చేసేటప్పుడు కిటికీ తెరిచి ఉంచడం అలవాటు చేసుకో, ఎందుకంటే ఒక కిలో ప్రొపేన్ మండితే ఒకటిన్నర కిలోలకు పైగా నీరు ఆవిరిగా పుడుతుంది, అదంతా చల్లని గోడలకు పడుతుంది.

ఇంకొక సంగతి నీ ఉత్తరంలో లేదు. సీటు బెల్టుల బోల్టులు దిగిన చోట నేల మెత్తబడి ఉంటే, అది మనం ఇంట్లో చెయ్యదగిన పని కాదు, వాహనాల బాడీ కట్టే నిపుణుడికే అప్పగించాలి, అంతవరకు ఆ సీట్లలో ఎవరినీ కూర్చోబెట్టి నడపకూడదు. గోడ విప్పే ముందే ఆ బోల్టుల చుట్టూ, కిందినుంచి కూడా, పొడిచి చూసి ఏం కనిపించిందో నాకు రాయి.

ఇట్లు,
మావయ్య