మొండి గుర్రం మీద ధైర్యం పోయింది, మళ్ళీ ఎక్కాలా, స్వారీ మానేయాలా?

మీరు అడిగింది ఇదీ: కొన్నేళ్ళుగా స్వారీ చేస్తున్నారు, పాత గుర్రానికి వయసు మీద పడ్డాక ఏడేళ్ళ కొత్త గుర్రం మీ చేతికి వచ్చింది, అది ఒకసారి బెదిరి పక్కకు దూకి, ఇంకోసారి వెనక కాళ్ళు ఎగరేసి మిమ్మల్ని కింద పడేసింది. పెద్ద దెబ్బలేం తగల్లేదు కానీ ఇప్పుడు రికాబులో కాలు పెట్టాలంటే చేతులు వణుకుతున్నాయి. నేర్పించేవాళ్ళేమో "నువ్వెవరో దానికి చూపించు, లేకపోతే నెత్తినెక్కుతుంది" అంటున్నారు.

ఎక్కాలా మానేయాలా అన్నది ఇవాళే తేల్చకండి. ముందు తేలాల్సింది ఆ గుర్రం అలా ఎందుకు చేస్తోందన్నది. అది తెలియకుండా మీ ధైర్యం గురించి ఎంత మాట్లాడుకున్నా ఉపయోగం లేదు. మీది పిరికితనం కూడా కాదు. దాదాపు 500 కిలోల జంతువు రెండుసార్లు కింద పడేశాక ఒళ్ళు తనను తాను కాపాడుకోవాలని చూస్తుంది, చూడాలి కూడా.

నా దగ్గర ఒక ఆడగుర్రం ఉంది. చూసినవాళ్ళందరూ దానికి పొగరు అనేవాళ్ళు. జీను పట్టీ బిగించేటప్పుడు చెవులు వెనక్కి వాల్చి, తల తిప్పి కొరకడానికి వచ్చేది. ఎక్కాక కాసేపు బాగానే నడిచేది, ట్రాట్ (చిన్న పరుగు) కూడా పర్వాలేదు, కానీ ఎడమవైపు తిరుగుతూ క్యాంటర్ (అంతకన్నా వేగమైన పరుగు) అడిగితే చాలు తోక విసిరికొట్టి, వీపు పైకి వంచి గెంతులు మొదలుపెట్టేది. కుడివైపు ఈ గొడవ చాలా తక్కువ. ఒకరోజు బాగా పని చేయించి జీను తీసినప్పుడు, పక్కనే ఉన్న ఒక పెద్దాయన దాని వీపు చూపించారు. జీను ఆనిన చోటంతా చెమటతో తడిసి ఉంది, ఎడమ భుజం వెనక మాత్రం అరచేయంత మేర పొడిగా ఉంది, ఆ పొడిచోట నాలుగైదు తెల్ల వెంట్రుకలు. జీను అక్కడ గట్టిగా నొక్కుతుంటే చెమట పట్టదట, ఆ నొక్కుడు చాలాకాలం సాగితే అక్కడ వెంట్రుకలు తెల్లగా మొలుస్తాయట. జీను సరిచేసే ఆవిడ వచ్చి చూసి అదే చెప్పింది, జీను లోపలి చట్రం దాని భుజానికి ఇరుకు. మేమందరం పొగరు అనుకున్నది నొప్పి.

అందుకే మీరు కూడా ముందు గుర్రాల డాక్టరుకి చూపించండి. జీను, వీపు, కాళ్ళు, డెక్కలు, పళ్ళు అన్నీ. గుర్రం పళ్ళు ఏళ్ళ తరబడి పైకి వస్తూ, నములుతుంటే అరుగుతూ ఉంటాయి, ఆ అరుగుదల సమంగా లేకపోతే అంచులు పదునెక్కి బుగ్గల లోపల కోస్తాయి, అలాంటి నోట్లో కళ్ళెం పెట్టి లాగితే అది తల ఎగరేయక ఏం చేస్తుంది? కడుపు సంగతి కూడా అడగండి. గుర్రం కడుపులో ఆమ్లం తిన్నా తినకపోయినా ఊరుతూనే ఉంటుంది, ఎందుకంటే అది రోజులో ఎక్కువ భాగం మేస్తూ ఉండేలా తయారైన జంతువు. దాన్ని గంటల తరబడి ఖాళీ కడుపుతో నిలబెట్టి, గడ్డి తగ్గించి ధాన్యం దాణా ఎక్కువ పెడితే కడుపులో పుండ్లు పడే ప్రమాదం పెరుగుతుంది. స్యూ డైసన్ అనే పశువైద్యురాలు, ఆమెతో పనిచేసినవాళ్ళు స్వారీలో ఉన్న గుర్రం నొప్పిని గుర్తుపట్టడానికి 24 ప్రవర్తనల జాబితా తయారుచేశారు. చెవులు వెనక్కి వాల్చి ఉంచడం, నోరు పదేపదే తెరవడం, తోక విసరడం, తల ఎగరేయడం, ముందుకు కదలనని మొరాయించడం లాంటివి అందులో ఉన్నాయి. వాటిలో 8 గానీ అంతకన్నా ఎక్కువ గానీ కనిపిస్తే ఎముకలు, కీళ్ళు, కండరాల్లో ఎక్కడో నొప్పి ఉండే అవకాశం బలంగా ఉన్నట్టు. మీ గుర్రం స్వారీ వీడియో ఎవరితోనైనా తీయించి, ఆ జాబితా పక్కన పెట్టుకుని తీరిగ్గా చూడండి.

నొప్పి ఏదీ లేదని తేలితే రోజులో అది ఎంతసేపు బయట తిరుగుతోందో చూడండి. పగలూ రాత్రీ కొట్టంలో నిలబడి, మీరు వచ్చిన గంటసేపే కాళ్ళు కదిపే కుర్ర గుర్రం బుద్ధిగా ఉండాలనుకోవడం అన్యాయం.

ఇక మీ సంగతి. నా విషయంలో అసలు కష్టం ఇక్కడే వచ్చింది. జీను మార్చాక, వీపుకి విశ్రాంతి ఇచ్చాక గుర్రం కొన్ని నెలల్లో నెమ్మదించింది, నా భయం మాత్రం నెమ్మదించలేదు. ఎడమవైపు మలుపు దగ్గరికి రాగానే ఊపిరి బిగుసుకుపోయేది. కారణం తొలగిపోయిందని బుర్రకు తెలుసు, ఒంటికి తెలియదు. ఒంటికి తెలియాలంటే ఏమీ జరగని మామూలు స్వారీలు చాలా కావాలి, దానికి అడ్డదారి లేదని నా నమ్మకం.

మన భయం గుర్రానికి తెలిసిపోతుందన్న మాట చాలామంది చెబుతారు, అది ఊరికే అనే మాట కాదు. స్వీడన్‌లో లిండా కీలింగ్ బృందం చేసిన ప్రయోగం ఒకటి 2009లో అచ్చయింది. మనుషుల చేత గుర్రాలను ఒకే దారిలో మళ్ళీ మళ్ళీ నడిపించారు, స్వారీ కూడా చేయించారు. ఆఖరిసారి వెళ్ళేముందు "ఈసారి దారిలో గొడుగు తెరుస్తాం" అని మనుషులకు చెప్పారు. గొడుగు తెరవనే లేదు. అయినా ఆ మనుషుల గుండె వేగం పెరిగింది, వాళ్ళతో ఉన్న గుర్రాల గుండె వేగమూ పెరిగింది. దీన్ని చదివి "అయితే తప్పంతా నాదే" అనుకోవద్దు దయచేసి. నాకు ఇందులో అర్థమైంది ఏమిటంటే, "భయపడకు" అనే సలహా ఎందుకూ పనికిరాదు, భయం వేసినప్పుడు ఒళ్ళు ఏం చేస్తుందో తెలుసుకుని దాన్ని మార్చుకోవడమే మన చేతిలో ఉన్నది.

ఒళ్ళు ఏం చేస్తుందంటే, ముందుకు ముడుచుకుంటుంది. మడమలు పైకి లేస్తాయి, మోకాళ్ళు జీనును బిగించి పట్టుకుంటాయి, పగ్గాలు కురచైపోయి చేతులు లాగుతూ ఉంటాయి. కాళ్ళు పొమ్మంటున్నాయి, చేతులు ఆగమంటున్నాయి, అసలే బెదురు గుర్రం, ఏ మాట వినాలి పాపం? నాకు పనికొచ్చినవి రెండు. ఒకటి, ఊపిరి లోపలికి తీసుకోవడం మీద కాకుండా పూర్తిగా బయటికి వదలడం మీద దృష్టి పెట్టడం. అది కుదరకపోతే ఏదో ఒక పాట పైకే పాడుకోవడం, ఎందుకంటే పాడుతూ ఊపిరి బిగబట్టడం ఎవరివల్లా కాదు. రెండోది గుర్రం మెడ చుట్టూ వదులుగా కట్టే తోలు పట్టీ. పగ్గాలతో పాటు రెండు వేళ్ళు దానికింద దూర్చి ఉంచండి. గుర్రం ఉలిక్కిపడినప్పుడు మీ చేయి దాని నోటిని కాకుండా ఆ పట్టీని లాగుతుంది, మీరూ జీనులోనే నిలుస్తారు. చూడటానికి చిన్న వస్తువే గానీ నాకు అది ఇచ్చిన ధైర్యం ఏ మాటలూ ఇవ్వలేదు.

మళ్ళీ మొదలుపెట్టడం నేల మీద నుంచే చేయండి. తాడు పట్టుకుని నడిపించడం, మీరు ఆగితే ఆగడం, అడగ్గానే రెండడుగులు వెనక్కి వేయడం, వెనక భాగాన్ని పక్కకు జరపడం. ఇవి చేస్తుంటే ఏ వస్తువు దగ్గర బెదురుతుందో, బెదిరేముందు చెవులు ఎటు తిరుగుతాయో, మెడ ఎప్పుడు బిగుసుకుంటుందో మీకే తెలిసిపోతుంది. గుర్రం ఉన్నట్టుండి బెదిరిందని మనం అంటాం గానీ, ఎక్కువసార్లు బిందె చుక్కచుక్కగా నిండుతూ ఉంటుంది, గాలి, కొత్త చోటు, తోటి గుర్రం దూరమవడం, మన టెన్షన్, ఆఖర్న ఎగిరిన కవరు ముక్క మీదకి నింద పోతుంది. నిండుతోందని ముందే కనిపిస్తే మీరు దాన్ని అక్కడి నుంచి తప్పించగలరు. ఇది జరుగుతున్న రోజుల్లోనే వారానికోసారైనా నెమ్మదైన ముసలి గుర్రం ఏదైనా దొరికితే దాని మీద స్వారీ చేయండి. అది వెనకడుగు కాదు. మీకు స్వారీ వచ్చని, అందులో సంతోషం ఉందని ఒంటికి మళ్ళీ గుర్తుచేయడం.

ఆ తర్వాత మీ గుర్రాన్ని మీకన్నా అనుభవం ఉన్నవాళ్ళు ఎక్కితే మీరు చూడండి. వాళ్ళకింద కూడా అదే పని చేస్తే మీరు ఎక్కే ప్రసక్తి ఇంకా రాలేదు. వాళ్ళకింద సాఫీగా నడిస్తే, నేల మీద ఒకరు పొడవాటి తాడు పట్టుకుని ఉండగా మీరు ఎక్కి ఊరికే నడిపించండి, బాగున్నప్పుడే దిగేయండి. ఇంకాస్త చేద్దామనే ఆశ పుడుతుంది, ఆ ఆశ మర్నాటికి దాచుకోండి.

దిగితే గుర్రం గెలిచినట్టు అంటారు కొందరు. గుర్రానికి గెలుపోటముల లెక్క ఉందని నేను నమ్మను. ఒత్తిడి ఏ క్షణంలో ఆగిందో, ఆ క్షణంలో తానేం చేస్తోందో, అది నేర్చుకుంటుంది. ఎగిరిన మరుక్షణమే దిగి కొట్టంలో కట్టేస్తే ఎగరడం నేర్చుకోవచ్చు, నిజమే. కానీ పరిస్థితి చెడేలా ఉందని ముందే దిగి, నేల మీద కాసేపు పని చేయించి, నెమ్మదించాక ఆపితే అది నేర్చుకునేది నెమ్మదించడమే. మీకు ఎప్పుడైనా దిగే హక్కు ఉంది, అది ఉందని తెలిస్తేనే ఎక్కబుద్ధవుతుంది.

ప్రమాదం వచ్చినప్పుడు ఏం చేయాలో ప్రమాదం లేనప్పుడే సాధన చేయండి. నడకలో ఉండగా ఒక పగ్గం మీద చేయి కిందికి జార్చి, మెడను నెమ్మదిగా పక్కకు వంచి, వెనక కాళ్ళు పక్కకు జరిగి ఆగేదాకా పట్టుకోండి, ఆగగానే వదలండి. రెండువైపులా. పూర్తి పరుగులో ఉన్నప్పుడు మాత్రం మెడను ఒక్కసారిగా వంచకూడదు, కాళ్ళు తడబడి గుర్రమే పడిపోవచ్చు, పెద్ద వలయంగా తిప్పుతూ దాన్ని చిన్నది చేసుకుంటూ రావాలి. త్వరగా దిగడం కూడా సాధన చేయండి, ముందు రెండు కాళ్ళూ రికాబుల్లోంచి తీశాకే దూకాలి. ముందుకాళ్ళు పైకెత్తి నిలబడే అలవాటున్న గుర్రమైతే ఈ సలహాలేవీ వద్దు, అది అనుభవజ్ఞుల పని. పడినప్పుడు తల తగిలి ఉంటే డాక్టరు సరేననేదాకా ఎక్కకండి, దెబ్బ తిన్న హెల్మెట్ బయటికి బాగా కనిపించినా మార్చేయండి.

మీకు నేర్పేవాళ్ళతో ఒక్కమాట సూటిగా చెప్పండి, "కొన్నాళ్ళు నడక మాత్రమే, తాడు మీదే, ఎప్పుడు చాలో నేను చెబుతాను" అని. దానికి ఒప్పుకోకపోతే ఇంకొకరిని వెతుక్కోవడమే మేలు.

ఇంత చేశాక కూడా కొన్నిసార్లు జత కుదరదు. డాక్టరు ఏమీ లేదన్నారు, అనుభవం ఉన్నవాళ్ళకింద బాగానే ఉంటోంది, కానీ మీకు స్వారీ రోజు ముందు రాత్రి నిద్ర పట్టడం లేదు, అలా నెలలు గడుస్తున్నాయి అంటే ఆ గుర్రాన్ని దానికి తగినవాళ్ళ చేతికి ఇవ్వడం ఇద్దరికీ మంచిది. ఇచ్చేటప్పుడు జరిగిందంతా దాచకుండా చెప్పాలి, లేకపోతే ఇంకొకరి మెడ విరుగుతుంది. నా ఆడగుర్రాన్ని నేను ఇవ్వలేదు, అది నాతోనే ఉంది, కానీ ఇచ్చినవాళ్ళను చాలామందిని చూశాను, వాళ్ళు మరో గుర్రం మీద హాయిగా తిరుగుతున్నారు.

మీ గుర్రం రోజుకి ఎంతసేపు బయట ఉంటోంది, దాణా ఏం పెడుతున్నారు, కాళ్ళు ఎగరేసింది ఏ వైపు తిరుగుతున్నప్పుడో కాస్త రాయండి, ఇంకా ఏమైనా తోస్తే చెబుతాను.