చిన్నా, నీ మడత కత్తి డ్రాయింగ్ చూశాను

ఒరే చిన్నా,

మీ అమ్మ రాత్రి ఫోన్ చేసి ఒకటే ఏడుపు, ఉద్యోగం మానేసి కాకినాడలో షెడ్డు అద్దెకి తీసుకుని కత్తులు చేస్తానంటున్నాడు, నువ్వైనా చెప్పరా తమ్ముడూ అని. వరదల్లో బోట్ల మీద తిరిగి జనాన్ని కాపాడేవాళ్ళ కోసం మన పిల్లాడు మడత కత్తి చేస్తాడంట అని వినగానే నాకైతే గర్వంగా అనిపించింది, ఆ వెంటనే గుండెల్లో రాయి కూడా పడింది. నువ్వు వాట్సాప్‌లో పంపిన డ్రాయింగ్ పెద్దది చేసుకుని చూశాను. బావుంది గానీ అది షోకేసులో పెట్టుకోడానికి బావుంది, గోదాట్లో పనికిరాదు. కోపం తెచ్చుకోకుండా చివరిదాకా చదువు.

నలుపు పిడి వద్దు, నారింజ రంగో పసుపో వెయ్యి, బోటు అడుగున బురదనీళ్ళల్లో పడితే కనపడాలి. బ్లేడు మూడు అంగుళాలు చాలు. తాడు కట్టుకోడానికి పిడి చివర చిల్లు ఉంచు. బటన్ నొక్కితే స్ప్రింగుతో తెరుచుకునేది మాత్రం తీసెయ్, ఇసక దూరితే తెరుచుకోదు, ఖర్మ కాలితే జేబులోనే తెరుచుకుంటుంది. స్పైడర్కో వాళ్ళ కత్తులకి బ్లేడులో గుండ్రటి పెద్ద చిల్లు ఉంటుంది చూడు, బొటనవేలితో తోస్తే చాలు, తడి చేత్తో అయినా గ్లవుజు వేసుకున్నా తెరుచుకుంటుంది, రెండో చేత్తో మనిషిని పట్టుకుని ఉంటాం కదరా.

ఇక మొన. నువ్వు సూదిలా గీశావు. ఎవర్ని పొడుద్దామని? నీళ్ళు మింగినవాడు గింజుకుంటుంటే, బోటు ఊగిపోతుంటే, వాడి లైఫ్ జాకెట్ బెల్టు కింద ఆ కత్తి దూర్చాలి, మొన ఉంటే బెల్టు కంటే ముందు పొట్టలో దిగుతుంది. పైగా ఎన్డీఆర్ఎఫ్ వాళ్ళు వాడేవి గాలి నింపిన రబ్బరు బోట్లు, మొన తగిలితే చిల్లు పడుతుంది. నేను ఓడల్లో కళాసీగా ఉన్నప్పుడు మా కత్తులన్నీ మొండి ముక్కువే, షీప్స్‌ఫుట్ అంటారే ఆ ఆకారం, వీపు భాగం ముందుకొచ్చి కిందకి వంగి అంచుని కలుస్తుంది. అలా మార్చు.

మీ తాతయ్య కుడిచేతి చూపుడు వేలు గుర్తుందా నీకు? అన్నం కలిపేటప్పుడు మిగతా వేళ్ళు ముడుచుకునేవి, అదొక్కటే నిటారుగా నిలబడిపోయేది. చిన్నప్పుడు నువ్వు సంతకి వెళ్ళాలంటే ఆ వేలే పట్టుకుని నడిచేవాడివి. కొడవలి తెగిందిరా అని అందరికీ చెప్పేవాడు. కొడవలి కాదు. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు, నువ్వు కత్తి చేస్తానంటున్నావు కాబట్టి నీకు తెలియాలి.

1986 ఆగస్టు. ధవళేశ్వరం దగ్గర 17 లక్షల క్యూసెక్కులకే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు, ఆ ఏడు 35 లక్షలు దాటింది. లంకలో మన పశువుల పాక మునిగిపోతుంటే నాన్నా నేనూ పడవేసుకుని వెళ్ళాం. గేదె తల పైకెత్తి రొప్పుతోంది, పలుపేమో నైలాన్ తాడు, గుంజకి కట్టిన ముడి నీళ్ళ కింద ఉండి బిగుసుకుపోయింది. నాన్న దగ్గర మడత చాకు ఉండేది, పొగాకు కోసుకునేది, లాక్ గీక్ ఏం లేదు దానికి. ఆ నున్నటి అంచు తడి నైలాన్ మీద జారుతోందే గానీ తెగట్లేదు. గేదె ముక్కుదాకా నీళ్ళొచ్చేశాయి. కంగారులో ఆయన మొనని ముడిలోకి గుచ్చి, ముడి వదులు చేద్దామని గట్టిగా పైకి ఎగదోశాడు. అంతే, బ్లేడు వెనక్కి మడతపడి వేళ్ళ మీద మూసుకుంది. అరవలేదు మనిషి. చెయ్యి నీళ్ళల్లోంచి పైకి తీసి చూసుకున్నాడు, చూపుడు వేలు లోపలివైపు అడ్డంగా తెగి తెల్లటి నరం కనపడుతోంది. నేను పడవలో ఉన్న కక్కు కొడవలి తీసుకుని దూకి నాలుగు లాగులు లాగితే పలుపు తెగింది. పళ్ళున్నాయి కాబట్టి తెగింది, అది గుర్తుపెట్టుకో. రోడ్లన్నీ మునిగిపోయి డాక్టరు దగ్గరికి వెళ్ళేసరికి ఆలస్యమైపోయింది, చర్మం కుట్టారు గానీ వేలు మళ్ళీ ముడుచుకోలేదు. ఆయన చేసిన తప్పు మొనతో ముడి విప్పబోవడం. కానీ ప్రాణం మీదికొచ్చినప్పుడు ఎవడైనా అదే చేస్తాడు, మొన కనపడితే గుచ్చుతాడు. అందుకే అసలు మొనే లేకుండా చెయ్యమంటున్నాను, నీ కత్తి పట్టుకున్నవాడికి ఆ తప్పు చేసే అవకాశమే ఉండకూడదు.

అందుకే అంచు మొత్తం కక్కు పెట్టు, నువ్వు గీసినట్టు సగం కాదు. పదును పెట్టడం కష్టం అంటావు, నిజమే, గుండ్రటి ఆకురాయి కత్తితో పాటే ఇచ్చెయ్. లాక్ సంగతి ఇంకా ముఖ్యం. నువ్వు పిడి వీపు వైపు పూర్తిగా మూసేశావు, మన ఒండ్రు లోపల చేరి గడ్డకడితే లాక్ సగమే పడుతుంది, పడిందనుకుని మనం నొక్కుతాం, తర్వాత ఏమవుతుందో పైన రాశాను. వీపు తెరిచి ఉంచు, నీళ్ళల్లో రెండుసార్లు ఆడిస్తే మట్టి బయటికి పోవాలి.

స్టీలు చవకది వాడావంటే అంతర్వేది వైపు ఉప్పునీళ్ళకి తుప్పు పట్టేస్తుంది. కార్బన్ బాగా తగ్గించి నైట్రోజన్ వేసి చేసే స్టీళ్ళు ఉన్నాయి, ఖరీదు ఎక్కువ, నీకు కుదరకపోతే పదును కాస్త తొందరగా పోయినా పర్లేదు, తుప్పు పట్టనిదే ఎంచుకో.

ఇంకొకటి, ఇది నా భయం అనుకో ఏదైనా అనుకో. మన కాలవ గట్ల రోడ్ల మీద కార్లు కాలవలో పడుతూనే ఉంటాయి, నువ్వేమో రాత్రిపూట ఎదుర్లంక వంతెన దాటి ఇంటికొస్తుంటావు. సీటుబెల్టు కోసే కొక్కెం పెట్టు, పదును కొక్కెం లోపలే ఉండాలి, వేలు దూరకూడదు. అద్దం పగలగొట్టే కార్బైడ్ మొన బయటికి పొడుచుకుని ఉంటే మళ్ళీ బోటుకి ప్రమాదమే, వాడనప్పుడు మూత ఉండాలి. నీళ్ళల్లో చెయ్యి విసిరితే బలం ఉండదు కాబట్టి స్ప్రింగు పంచ్, అంటే అద్దానికి ఆనించి నొక్కితే లోపలి స్ప్రింగే మొనని కొట్టేది, అయితే మేలు. మామూలుగా పక్క అద్దమే పగులుతుంది, అదీ మూల మీద కొట్టాలి. ముందు అద్దం మధ్యలో ప్లాస్టిక్ పొర ఉంటుంది, అది పగుళ్ళిస్తుందే గానీ ఊడదు, విక్టోరినాక్స్ వాళ్ళు తమ రెస్క్యూ కత్తిలో దానికోసం వేరే రంపమే పెట్టారు. నువ్వు మాత్రం రాత్రుళ్ళు నెమ్మదిగా నడుపు, బెల్టు పెట్టుకో.

మీ అమ్మకి నేను చెప్పుకుంటాలే. సంక్రాంతికి వచ్చేటప్పుడు చెక్కతో కాదు, స్టీలుతోనే ఒకటి చేసుకురా. పాత సీటుబెల్టులు, నైలాన్ తాళ్ళు, చిరిగిన వలలు రేవులో అడిగి తెచ్చి ఉంచుతాను. దాన్ని ఒక రాత్రంతా ఒండ్రులో పాతిపెట్టి, పొద్దున్నే తీసి, ఎడమచేత్తో తెరిచి కోసి చూద్దాం. తెగకపోతే మళ్ళీ గీద్దువుగాని, షెడ్డు అద్దె రెండు నెలలు నేను కడతాను.

మీ మావయ్య