పై బీపీ 170, కింద 70... మూడు మాత్రలు వేసినా ఎందుకు దిగట్లేదు?

ప్రశ్న: మా నాన్నగారికి 67 ఏళ్లు, 16 ఏళ్లుగా షుగర్ ఉంది. బీపీకి టెల్మిసార్టాన్ 40, ఆమ్లోడిపిన్ 5, మెటోప్రొలాల్ 25 వాడుతున్నారు. అయినా ఎప్పుడు చూసినా పైది 165, 170 ఉంటోంది, కిందిది మాత్రం 70 దాటదు. రక్తనాళాలు గట్టిపడ్డాయని డాక్టర్ అన్నారు. ఇంకో మందు కలిపితే తగ్గుతుందా? మోకాళ్ల నొప్పులకు మెడికల్ షాపులో మాత్రలు తెచ్చుకుంటారు, అవి వేసుకోవచ్చా? చాలా టెన్షన్‌గా ఉంది.
– ఓ పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: అమ్మా, మీరు చివర్లో అడిగిన మోకాళ్ల మాత్రల సంగతే ముందు చూడాలి. డైక్లోఫినాక్, ఎసిక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ లాంటివి ఒంట్లో ఉప్పునీ నీటినీ పట్టి ఉంచుతాయి. ఒకపక్క బీపీ మందు వేసుకుంటూ ఇంకోపక్క ఇవి మింగుతుంటే ఆ మందు పని సగం చెడిపోతుంది. పైగా షుగర్ ఉన్నవాళ్లు, అందులోనూ టెల్మిసార్టాన్ వాడేవాళ్లు వీటిని రోజూ వేసుకుంటే కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం ఉంది. ఆ స్ట్రిప్ మీద ఏం పేరుందో ఇవాళే చూడండి. వీటిలో ఏదైనా అయితే ఆపించి, నొప్పికి బదులుగా ఏం వాడాలో డాక్టర్‌ని అడగండి.

ఇక రక్తనాళాలు గట్టిపడటం గురించి. గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమని ఆరోగ్యంగా ఉంటే, గుండె కొట్టుకున్నప్పుడల్లా రబ్బరు గొట్టంలా సాగి, మళ్లీ ముడుచుకుంటూ రక్తాన్ని ముందుకు నెడుతుంది. షుగర్ ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే రక్తంలోని గ్లూకోజ్ ఆ గోడల్లోని ప్రొటీన్లకు అంటుకుని వాటిని ఒకదానికొకటి బిగించేస్తుంది, కొందరిలో గోడ మధ్య పొరలో కాల్షియం కూడా పేరుకుంటుంది. అప్పుడు ధమని సాగదు కాబట్టి పై నంబర్ ఎగుస్తుంది, ముడుచుకునే బలం పోయింది కాబట్టి కింది నంబర్ దిగుతుంది. మామూలుగా ఈ రెండింటి మధ్య తేడా 40 దాకా ఉంటుంది. పెద్దవయసులో 60 దాటితే నాళాలు బిరుసెక్కాయనే అనుకుంటాం, మీ నాన్నగారికి 100 దాకా ఉంది. మీ డాక్టర్ చెప్పింది నిజమే.

కానీ మూడు మందులకూ లొంగని బీపీ అని దీన్ని నేను అప్పుడే అనను. ఆ మాట అనాలంటే వాడే మూడింటిలో ఒకటి మూత్రం ద్వారా ఉప్పూ నీరూ బయటికి పంపే మాత్ర అయి ఉండాలి, మందులన్నీ సరిపడా డోసులో ఉండాలి. మీ నాన్నగారి లిస్టులో ఆ నీటి మాత్రే లేదు, టెల్మిసార్టాన్ కూడా 80 దాకా పెంచే వీలుంది. షుగర్‌తో నాళాలు బిరుసెక్కినవాళ్లలో ఒంట్లో ఉప్పు నిలిచిపోవడం చాలా మామూలు కాబట్టి, క్లోర్‌థాలిడోన్ లాంటి నీటి మాత్ర చేర్చడం గురించి డాక్టర్‌తో మాట్లాడండి. అప్పటికీ దిగకపోతే స్పిరోనోలాక్టోన్ ఉంది. 2015లో బ్రిటన్‌లో జరిగిన పాత్‌వే-2 అధ్యయనంలో నాలుగో మందుగా అదే అన్నిటికంటే బాగా పనిచేసింది. అయితే పొటాషియం పెరగొచ్చు కాబట్టి రక్తపరీక్షలు చేయిస్తూ వాడాలి. మీ అంతట మీరు ఏదీ మార్చకండి, ముఖ్యంగా మెటోప్రొలాల్ ఉన్నట్టుండి ఆపకూడదు.

తొందరపడి తగ్గించడమూ మంచిది కాదు. గుండె కండరానికి రక్తం అందేది ఎక్కువగా గుండె వదులయ్యే ఆ కింది నంబర్ సమయంలోనే, అది బాగా పడిపోతే గుండెకు ఇబ్బంది. దీర్ఘకాలం షుగర్ ఉన్నవాళ్లలో కొందరికి నరాలు దెబ్బతిని, లేచి నిలబడగానే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. అందుకే కూర్చోబెట్టి ఒకసారి, నిలబడ్డాక 1, 3 నిమిషాలకు ఇంకోసారి చూడాలి. పైది 20 తగ్గినా, తల తిరిగినా డాక్టర్‌కి చెప్పండి. మామూలుగా 130/80 లోపు ఉండాలంటాం, ఇలాంటివాళ్లకు ఆ లక్ష్యాన్ని కాస్త సడలించాల్సి రావచ్చు.

ఇంట్లో చూసేటప్పుడు వీపు ఆనించి 5 నిమిషాలు మాట్లాడకుండా కూర్చున్నాక, చెయ్యి గుండె ఎత్తులో పెట్టి, చేతికి సరిపోయే పట్టీతో చూడండి. పొద్దున మాత్రలకు ముందు రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు, వారం పాటు నోట్‌బుక్‌లో రాయండి. ఇంట్లో సగటు 135/85 దాటితే ఎక్కువనే లెక్క.

ఉప్పు అన్నిటిలో కలిపి రోజుకు 5 గ్రాములు, అంటే ఒక్క టీస్పూను. కూరలో తగ్గించి, పక్కన తొక్కు, అప్పడం, మజ్జిగలో ఉప్పు వేసుకుంటే లాభం లేదు. సోడియం తక్కువని అమ్మే ఉప్పులో పొటాషియం ఉంటుంది, టెల్మిసార్టాన్ వాడేవాళ్లు డాక్టర్‌ని అడగకుండా దాని జోలికి పోవద్దు.

ఆయన గట్టిగా గురక పెడతారా, పగలు కునుకు తీస్తారా? అయితే నిద్రలో ఊపిరి ఆగే సమస్య ఉందేమో చూపించాలి, బీపీ దిగకపోవడానికి అదీ ఒక కారణం. మూత్రంలో అల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్, పొటాషియం పరీక్షలు ఈ నెలలోనే చేయించి, ఆ నోట్‌బుక్‌తో పాటు ఇంట్లో ఉన్న మాత్రల స్ట్రిప్పులన్నీ, మెడికల్ షాపువి కూడా, సంచిలో వేసుకుని వెళ్లండి.

ఛాతీలో నొప్పి, ఆయాసం, మూతి వంకర, ఒక చెయ్యి పట్టు తప్పడం, మాట తడబడటం, వీటిలో ఏది కనిపించినా బీపీ ఎంతుందా అని చూస్తూ కూర్చోకండి, వెంటనే 108కి ఫోన్ చేయండి. నాలుక కింద బీపీ మాత్ర పెట్టకండి, ఒక్కసారిగా బీపీ పడిపోయి పక్షవాతమే రావచ్చు.