“లావైనవ్” అన్న మాటతో అన్నం మానేసిన బిడ్డ

మిర్యాలగూడ నుంచి ఒక తల్లి: “మా పాపకు 16 ఏండ్లు, ఇంటర్ ఫస్టియర్. పెళ్లి ఫొటోలు చూసి మా ఆడబిడ్డ ‘ఇట్ల లావైతే సంబంధాలు రావు’ అన్నది. అప్పటి నుంచి పొద్దున చాయ్, రాత్రి ఒక చపాతి, అంతే. శనివారం నాతో పాటు ఒక్కపొద్దు కూడా ఉంటది. మూడు నెలలుగా నెలసరి లేదు, జుట్టు ఊడుతున్నది. తిడితే తలుపేసుకుంటది.”

అమ్మా, ముందు నెలసరి సంగతి. తిండి చాలనప్పుడు శరీరం మొదట ఆపుకునే పనుల్లో అదొకటి. ఇట్లాగే సాగితే గట్టిపడాల్సిన వయసులో ఎముకలు గుల్లబారతాయి. ఈ వారంలోనే డాక్టరుకు చూపించండి. బరువు, బీపీ, నాడి, హిమోగ్లోబిన్, థైరాయిడ్, పొటాషియం చూడాలి. హిమోగ్లోబిన్ 12 కన్నా తక్కువుంటే రక్తహీనతే. కళ్లు తిరిగి పడిపోయినా, తిన్నది కావాలని కక్కుతున్నా, గుండె దడ ఉన్నా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇక ఇంటి మాటలు. మీ ఆడబిడ్డతో పాప లేనప్పుడు చెప్పండి: “వదినా, పాప ఒళ్లు గురించి ఏ మాటా వద్దు. సన్నబడ్డవ్, మంచిగున్నవ్ అని కూడా అనొద్దు.” ఆ మెచ్చుకోలు కూడా చెరుపే చేస్తుంది, తినకపోతే మెప్పొస్తుందని పిల్ల నేర్చుకుంటుంది. ఒక్కపొద్దు కూడా ఆమెకిప్పుడు ఎవరూ అడ్డు చెప్పని సాకైంది. మీ భక్తిని తప్పుపట్టడం లేదు. ఆమె కోలుకునేదాకా తనకు మాత్రం వద్దని నాయనమ్మతోనో అమ్మమ్మతోనో చెప్పించండి. మీరు “నేను లావైన” అనుకోవడం కూడా ఆమె వింటున్నది.

ఈ వయసు ఆడపిల్లకు రోజుకు సుమారు 2500 కేలరీలు, 32 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. ఇది మీకు తెలియడం కోసమే, ఆమె ముందు లెక్కలెత్తొద్దు. చాలా రోజులు పస్తున్న ఒంటికి ఒక్కసారే నిండు పళ్లెం పెట్టినా ప్రమాదమే, ఎంతతో మొదలుపెట్టాలో డాక్టరునడగండి. ఆ తర్వాత మూడు పూటలు, మధ్యలో రెండుసార్లు కొద్దికొద్దిగా పెంచండి: పొద్దున జొన్నరొట్టె, పప్పు, కాలేజీ బ్యాగులో పల్లీలో శనగ గుడాలో, మధ్యాహ్నం అన్నం, తోటకూర, గుడ్డు, కాస్త నిమ్మరసం. చాయ్ తిండికి గంట ఎడంగా ఇవ్వండి, తిండితో పాటు తాగితే ఇనుము ఒంటికి సరిగ్గా పట్టదు. మీరూ పక్కన కూర్చుని అదే తినండి. పళ్లెం వంక చూడకుండా వేరే ముచ్చట పెట్టండి. బరువు చూసే మిషనుంటే తీసేయండి.

తిండి భయం తగ్గాలంటే మానసిక వైద్యుల సాయం కూడా కావాలి. నల్లగొండ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో అడగండి. మనసు బాధలకు సర్కారు నడిపే ఫోన్ సాయం టెలి మానస్ 14416కు ఫోన్ చేస్తే ఏ వేళైనా ఉచితంగా మాట్లాడతారు. రానంటే తిండి పేరు ఎత్తకుండా “జుట్టు ఊడుతున్నది కదా, చూపించుకుందాం” అనండి. అది అబద్ధం కాదు, ఆమెకూ దాని గురించి బెంగ ఉండే ఉంటుంది.