చిన్నమెదడులో అన్ని న్యూరాన్లు ఎందుకు?

మెదడులో ఎక్కువ న్యూరాన్లు చిన్నమెదడులోనే ఉంటాయంటారు, మరి అది దెబ్బతిన్నవాళ్లకి తెలివీ జ్ఞాపకమూ పోవట్లేదు, చేతుల్లో బలమూ తగ్గట్లేదు, అలాంటప్పుడు అన్ని కణాలు అక్కడ చేసే పనేంటని అడిగారు. నేను డాక్టర్ని కాను. మా అమ్మకి చిన్నమెదడు ఎడమ భాగంలో స్ట్రోక్ వచ్చాక ఇదే ప్రశ్న నన్నూ పట్టుకుంది. అప్పటి నుంచి చదివిందీ, ఇంట్లో చూసిందీ కలిపి చెప్తాను.

లెక్క నిజమే. మెదడు కణజాలాన్ని కరిగించి, ఆ ద్రవంలో కణకేంద్రకాల్ని లెక్కపెట్టే పద్ధతితో బ్రెజిల్ పరిశోధకులు 2009లో ఇచ్చిన అంకెల ప్రకారం మనిషి మెదడులో సుమారు 8,600 కోట్ల న్యూరాన్లున్నాయి. అందులో దాదాపు 6,900 కోట్లు చిన్నమెదడులోవే. పెద్దమెదడు పైపొరలో ఉన్నవి 1,600 కోట్లు మాత్రమే. బరువులో చూస్తేనేమో చిన్నమెదడు మొత్తంలో పదో వంతు. అక్కడున్న వాటిలో చాలా భాగం గ్రాన్యూల్ కణాలు, న్యూరాన్లన్నిటిలోకీ అతి చిన్నవి. అందుకే అంత చోటులో అన్ని పట్టాయి.

అమ్మ విశాఖపట్నం కంచరపాలెంలో ఇంటి దగ్గరే జాకెట్లు కుడుతుంది, కాలితో తొక్కే మిషను మీద. ఒకరోజు పొద్దున్న లేవగానే కళ్లు తిరిగాయి, వాంతులయ్యాయి. దగ్గర్లోని క్లినిక్‌లో గ్యాస్ అని మాత్రలిచ్చారు. కానీ గోడ పట్టుకున్నా నిలబడలేకపోయింది, మంచం మీద కూర్చోబెట్టినా ఒక పక్కకి ఒరిగిపోయింది. పెద్దాసుపత్రిలో ఎంఆర్ఐ తీశాకే సంగతి తెలిసింది. ఇలా ఉన్నట్టుండి తల తిరిగి, ఆనుకోకుండా కూర్చోలేని, నడవలేని మనిషిని దయచేసి ఇంట్లో పడుకోబెట్టకండి. మెదడులో అడ్డుపడిన రక్తపు గడ్డని కరిగించే ఇంజెక్షన్‌కి, లక్షణాలు మొదలైనప్పటి నుంచి మామూలుగా నాలుగున్నర గంటలే గడువు. పైగా చిన్నమెదడు వాస్తే పక్కనే ఉన్న, ఊపిరినీ గుండెనీ నడిపే మెదడు కాండం మీద ఒత్తిడి పడి ప్రాణానికే ముప్పు. మొదట్లో తీసిన సీటీ స్కాన్‌లో ఈ స్ట్రోక్ కనిపించకపోవచ్చు కూడా.

డాక్టరుగారు వేళ్లు నొక్కమంటే అమ్మ ఎడమచెయ్యి గట్టిగానే నొక్కింది. తన ముక్కు తాకి, తర్వాత ఆయన వేలు తాకమంటే మాత్రం ఆ చెయ్యి దాటిపోయింది, వేలి దగ్గరికొచ్చేకొద్దీ వణికింది. కుడిచేతికి ఏమీ లేదు. పెద్దమెదడులో ఎడమవైపు దెబ్బ తగిలితే కుడి చెయ్యి పడిపోతుంది. చిన్నమెదడు దారులు అటూ ఇటూ రెండుసార్లు దాటుతాయి కాబట్టి, ఏ వైపు దెబ్బ తగిలితే ఆ వైపే చెయ్యీ కాలూ తప్పుతాయి. అమ్మ తన మాటల్లో చెప్పింది, "సేతిలో బలం ఉన్నాది గానీ, నాననుకున్న కాడికి ఎల్లట్లేదమ్మా" అని. ఏ పుస్తకంలోనూ నాకు ఇంతకంటే స్పష్టంగా కనపడలేదు.

చెయ్యి కదలమని పెద్దమెదడు ఆజ్ఞ ఇచ్చినప్పుడు దాని నకలు చిన్నమెదడుకీ వెళ్తుంది. చెయ్యి ఎక్కడిదాకా వెళ్లిందో కంటి నుంచీ కీళ్ల నుంచీ కబురు వచ్చేసరికి ఆలస్యమైపోతుంది కాబట్టి, ఏం జరగబోతోందో ముందే అంచనా కట్టి సర్దడం దాని పని. ఇక్కడే మీ ప్రశ్నకి జవాబుంది. ఒక్కో గ్రాన్యూల్ కణానికి సుమారు నాలుగు చోట్ల నుంచే సమాచారం వస్తుంది. అంటే ఒక్కోటి ఒక చిన్న కలయికకే స్పందిస్తుంది. కాలు ఎంత వేగంగా తొక్కుతోంది, బట్ట నూలా పట్టా, కుట్టు చంక వంపులో ఉందా తిన్నగా ఉందా, కింద లైనింగు ఉందా: ఈ కలయికలకి అంతు లేదు. వాటిని విడివిడిగా గుర్తుపట్టాలంటే కోట్లకొద్దీ చిన్న కణాలు కావాలి.

ఆ సందేశాలన్నీ పర్కింజే కణాల దగ్గర చేరతాయి. చెక్ శాస్త్రవేత్త పర్కింజే 1837లో వర్ణించిన కణాలివి. ఒక్కో దానికి గ్రాన్యూల్ కణాల నుంచి వచ్చే తీగలు లక్షకు పైగా తగులుతాయి. పొరపాటు జరిగితే మరో దారిన, ఒకే ఒక్క తీగ గట్టిగా హెచ్చరిస్తుంది. ఆ క్షణాన పనిచేస్తున్న కనెక్షన్లు బలహీనపడతాయి, అంటే పొరపాటుకి దారితీసినవి తగ్గుతాయి, నేర్చుకోవడమంటే అదే. 1969లో డేవిడ్ మార్, 1971లో జేమ్స్ ఆల్బస్ ఈ నేర్చుకోవడం గురించి సిద్ధాంతాలు చెప్పారు, బలహీనపడటాన్ని 1982లో జపాన్‌లో మసావో ఇతో బృందం ప్రయోగంలో చూపించింది. మార్పు ఆ ఒక్కచోటే జరగదని తర్వాత తేలింది గానీ, నా దృష్టిలో ఇప్పటికీ అర్థం చేసుకోవడానికి ఇదే మంచి దారి.

తెలివికి ఏమీ కాదన్న మాటతో మాత్రం నేను ఏకీభవించను. చిన్నమెదడు దెబ్బతిన్నవాళ్లలో పనులు వరసగా ప్లాన్ చేసుకోవడం, మాటలు వెతుక్కోవడం, భావోద్వేగాలు కూడా మారతాయని 1998లో ష్మామన్, షెర్మన్ రాశారు. కొలతలు చూడకుండా చెప్పే మా అమ్మ, ముందు లైనింగు కత్తిరించాలా పై గుడ్డా అని తడబడేది. ఆసుపత్రిలో అందరూ నడక గురించే అడిగారు, దీని గురించి ఎవరూ అడగలేదు.

చచ్చిపోయిన పర్కింజే కణాలు మళ్లీ పుట్టవు. మిగిలిన భాగాలే కొత్తగా నేర్చుకోవాలి, నేర్చుకోవాలంటే తప్పులు జరగాలి, అవి కనిపించాలి. అందుకే ఫిజియోథెరపీతో పాటు మిషను కూడా మొదలుపెట్టించాం. టైలరింగ్ కొత్తగా నేర్చుకునేవాళ్లు చేసినట్టే, దారం లేకుండా గీతల కాగితం మీద. తొక్కడంలో లయ తప్పితే చక్రం వెనక్కి తిరిగేది. సూది పొడిచిన చిల్లులు గీత దాటి ఎక్కడ పోయాయో కాగితం మీదే తెలిసేది. తిన్నటి గీతలయ్యాక వంపులు, ఆ తర్వాతే గుడ్డ. బండ్లు ఆపేసే వేళ తెల్లవారుజామున బీచ్ రోడ్డులో నడిపించేవాళ్లం, ఇసుకలోకి చాలాకాలం దింపలేదు. ఇప్పుడు నూలు జాకెట్లు కుడుతోంది, పట్టువి మాత్రం పిన్నికి ఇచ్చేస్తోంది. అలిసిపోయిన రోజు ఎడమచెయ్యి మళ్లీ దాటిపోతుంది, ఆరోజు మిషను ఎక్కనివ్వం.