అరోరా ఉన్నట్టుండి ఎందుకు భగ్గుమంటుంది?

అరోరాలో (ధ్రువాల దగ్గరి రాత్రి ఆకాశంలో కనిపించే వెలుగులో) ఆకుపచ్చ గీత గంటసేపు కదలకుండా ఉండి ఒక్కసారిగా ఆకాశమంతా ఎలా పరుచుకుంటుంది, ఆ క్షణంలోనే సూర్యుడి నుంచి ఏదో వచ్చి తగులుతుందా అని అడిగారు. చాలాసార్లు అలా కాదండీ. ఆ శక్తి అప్పటికే భూమికి రాత్రి వైపున పోగై ఉంటుంది.

మేం హైదరాబాద్ నుంచి మార్చిలో నార్వేలోని ట్రోమ్సోకి వెళ్లాం. మొదటి రాత్రి ఉత్తరాన కొండల మీద సన్నని గీత ఒకటి కనిపించింది. మెల్లగా మా నెత్తిమీదికి జరుగుతోంది తప్ప వెలుగు పెరగలేదు. ఇంకేం రాదని వ్యాన్ డ్రైవర్ అందరినీ ఎక్కించేశాడు. సరిగ్గా వెళ్లకూడని సమయం అదే. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

గీత అలా దక్షిణానికి దిగుతోందంటే వెనకాల శక్తి నిండుతోందని అర్థం. సౌర పవనంతో (సూర్యుడి నుంచి ఎప్పుడూ వీచే విద్యుదావేశ కణాల ప్రవాహంతో) వచ్చే అయస్కాంత క్షేత్రం దక్షిణం వైపు తిరిగినప్పుడు, పగటి వైపున భూమి క్షేత్ర రేఖలు దానితో ముడిపడతాయి. ఆ పవనం వాటిని రాత్రి వైపుకు లాక్కుపోతుంది. అక్కడ మన అయస్కాంత తోక, అంటే రాత్రి వైపుకు సాగిన భూమి అయస్కాంత క్షేత్రం, గులేరు రబ్బరులా సాగుతూ పోతుంది. అరగంట నుంచి గంట దాకా ఇదే నడుస్తుంది. తోక మధ్యలోని ప్లాస్మా (విద్యుదావేశ కణాల వాయువు) పొర పలచబడి, ఎదురెదురు దిశల్లో ఉన్న రేఖలు దగ్గరికొస్తాయి. చివరికి అవి తెగి, కొత్తగా అతుక్కుంటాయి. భూమి వైపున్న భాగం విసురుగా వెనక్కి వస్తుంది. ఎలక్ట్రాన్లు కిందికి దూకుతాయి. 100 కిలోమీటర్ల పైన ఆక్సిజన్ పచ్చగా వెలుగుతుంది.

ఈ దశల క్రమాన్ని 1964లో అకసోఫు అనే శాస్త్రవేత్త ఆకాశం ఫొటోల నుంచి పట్టుకున్నారు. కానీ మొదట తెగేది ఎక్కడ అన్నదాని మీద పెద్ద వాదమే నడిచింది. తోకలో దూరంగా రేఖలు తెగడమే మొదలని కొందరు, భూమికి దగ్గరలో విద్యుత్ ప్రవాహం చెదరడమే మొదలని ఇంకొందరు. అది తేల్చడానికే 2007లో థెమిస్ పేరుతో 5 ఉపగ్రహాలను పంపారు. 2008 ఫిబ్రవరి 26న అవి సరైన చోట్ల వరుసగా ఉన్నాయి. చంద్రుడి దూరంలో మూడో వంతు దగ్గర ముందు రేఖలు తెగాయి, సుమారు నిమిషంన్నరకి అరోరా వెలిగింది, దగ్గరి ప్రవాహం ఆ తర్వాతే చెదిరింది. అయినా ఒక్క ఘటనతో వాదం ముగియలేదు.

బయటి నుంచి ట్రిగ్గర్ అంటారా, సౌర పవనం క్షేత్రం మళ్లీ ఉత్తరానికి తిరగడమో, దాని ఒత్తిడి పెరగడమో కొన్నిసార్లు కనిపిస్తుంది. బయట ఏ మార్పూ లేకుండా మొదలయ్యేవీ చాలానే. అందుకే నా లెక్కలో అసలు సంగతి ఆ నిండడమే.

రెండో రాత్రి మేం కదల్లేదు. యాప్‌లో బీజెడ్ (సౌర పవన క్షేత్రం ఉత్తరానికో దక్షిణానికో చెప్పే అంకె, మైనస్ అంటే దక్షిణం) చాలాసేపటి నుంచి మైనస్‌లోనే ఉంది. పదిన్నరకి గీత కింది అంచు తెల్లగా మెరిసింది. నిమిషం తిరక్కుండానే మడతలు మడతలుగా పడమటికి పరుగెత్తింది. కాళ్ల కింద మంచు పచ్చగా మారింది. మా ఆవిడ గ్లవ్స్ మీది కుట్లు కూడా కనిపించాయి.

ఇలా మొదలైనప్పుడు భూమి క్షేత్రంలో 40 నుంచి 150 సెకన్ల వ్యవధితో చిన్న కంపనాలు పుడతాయి. వాటిని పీఐ2 అంటారు. అవి మనలాంటి భూమధ్యరేఖ దగ్గరి ప్రాంతాల్లో కూడా రాత్రిపూట రికార్డవుతాయి. అక్కడ పదిన్నర అంటే ఇక్కడ తెల్లవారుజామున మూడు. హబ్సిగూడలో ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) గేటు ముందు నుంచి వెళ్లినప్పుడల్లా, లోపలి అయస్కాంత పరికరాల్లో ఆ రాత్రి గ్రాఫ్ గీత ఎలా వణికి ఉంటుందా అని ఆలోచిస్తాను.