టెక్ సందేహాలు: తాళం ప్లగ్ కాస్త తిరిగి ఆగిపోతోందా?

ఈసారి వచ్చిన ప్రశ్నలన్నీ తాళాల హాబీ గురించే. చెవి లేకుండా, తాళం పాడు కాకుండా తీయడం వరకే ఈ జవాబులు. తాళం మీ సొంతమై ఉండాలి, ఏ తలుపుకీ బిగించి ఉండకూడదు. ప్లగ్ అంటే తాళం సిలిండర్‌లో చెవి దూరి తిరిగే భాగం. ఒక్కో రంధ్రంలో ఒక పై పిన్ను, ఒక కింది పిన్ను ఉంటాయి. ఆ రెండూ కలిసే చోటు ప్లగ్ అంచుకు, అంటే షియర్ లైన్‌కు, వస్తే ఆ పిన్ను సెట్ అయినట్టు. అన్నీ సెట్ అయితేనే ప్లగ్ తిరుగుతుంది.

ప్రశ్న: నాలుగు పిన్నుల తాళంకప్పలు తేలిగ్గా వచ్చేస్తున్నాయి. పిక్‌ను తికమకపెట్టే సెక్యూరిటీ పిన్నులున్న ఆరు పిన్నుల సిలిండర్ మాత్రం కొద్దిగా తిరిగి బిగుసుకుపోతోంది. ఇంకా సన్నటి పిక్ (పిన్నులను ఎత్తే సన్నటి పుల్ల) కొనాలా?

కొనక్కర్లేదు. ప్లగ్ ఆ కొంచెం తిరిగిందంటే మీ దారి సరైనదే. దీన్ని ఫాల్స్ సెట్ అంటారు. సెక్యూరిటీ పిన్నుల్లో ఒక రకమైన స్పూల్ పిన్నుకు నడుము సన్నగా ఉంటుంది. మీరు టెన్షన్ ఇచ్చినప్పుడు, అంటే రెంచ్ అనే వంపు పట్టీతో ప్లగ్‌ను తిరిగే వైపు ఒత్తినప్పుడు, ప్లగ్ అంచు ఆ నడుములోకి దూరి అక్కడే కొక్కెంలా పట్టేసుకుంటుంది. ఇప్పుడు టెన్షన్ పెంచితే పిన్ను మరింత బిగుస్తుంది తప్ప తాళం రాదు. కొత్తవాళ్లు చేసేది సరిగ్గా అదే.

వెనక నుంచి మొదలుపెట్టి ఒక్కో పిన్నును పిక్ కొసతో మెల్లగా తాకి చూడండి. మామూలుగా సెట్ అయిన పిన్ను ఉలకదు, పలకదు. స్పూల్ దగ్గర మాత్రం పిన్నును పైకి నెట్టేకొద్దీ టెన్షన్ రెంచ్ మీ వేలిని వెనక్కి తోస్తుంది. ఆ తోపుకు అడ్డుపడకుండా వేలి ఒత్తిడి కాస్త సడలించి, ప్లగ్‌ను వెనక్కి పోనిస్తూనే పిన్నును పైకి నెట్టండి. సన్నగా టిక్‌మంటుంది, ప్లగ్ మళ్లీ ముందుకొస్తుంది. మరీ వదిలేస్తే అంతకుముందు సెట్ చేసిన పిన్నులు ఒకటో రెండో కిందికి జారతాయి. అప్పుడు మొత్తం మొదటికి తెచ్చుకోకుండా, జారినవి ఏవో వెతికి వాటినే మళ్లీ ఎత్తండి.

సెక్యూరిటీ పిన్నుల్లో ఇంకో రకమైన సెరేటెడ్ పిన్ను తీరు వేరు. దాని ఒంటి మీద సన్నటి గాళ్లు వరసగా ఉంటాయి కాబట్టి ఒకే పిన్ను నాలుగైదు సార్లు టిక్‌మంటుంది, ప్లగ్ మాత్రం చెప్పుకోదగ్గంతగా వెనక్కి తిరగదు. ఒక్కో టిక్ తర్వాత ఆగి మిగతా పిన్నులు చూసి రండి. ఒకే ఊపులో నెడితే కింది పిన్ను షియర్ లైన్ దాటి పైకి పోయి ఇరుక్కుంటుంది. తర్వాత ఎక్కడ తాకినా స్ప్రింగు ఆడదు. అలాంటప్పుడు టెన్షన్ చాలా నెమ్మదిగా వదులుతూ ఎన్ని పిన్నులు పడుతున్నాయో వినండి. ఎక్కువ ఎత్తినది తరచుగా ముందే పడుతుంది.

రెంచ్ సంగతి కూడా చూసుకోండి. కీహోల్ పై అంచులో పట్టే చదునైన రకమైతే కింద పిక్‌కు చోటు మిగులుతుంది, కదలిక కూడా నేరుగా వేలికి తెలుస్తుంది. కాకపోతే అది సందులో బిగుతుగా కూర్చోవాలి. లొటలొటలాడితే పిన్ను చెప్పేది మీ వేలిదాకా రాదు. పిక్ మందం 0.6 మిల్లీమీటర్లు చాలు. కీహోల్ బాగా ఇరుకైతేనే 0.4 వైపు వెళ్లండి, అది తొందరగా వంగుతుంది.

ప్రశ్న: లోపల ఏముందో చూద్దామని సిలిండర్ విప్పితే స్ప్రింగులన్నీ ఎగిరిపోయాయి. సరైన పద్ధతి ఏమిటి?

ప్లగ్‌ను నేరుగా లాగేసి ఉంటారు. ఫాలోయర్ కావాలి. ప్లగ్ ఎంత లావో అంతే లావున్న నున్నటి కడ్డీ అది. ప్లగ్‌ను వెనక క్లిప్పో స్క్రూనో పట్టి ఉంచే సిలిండర్‌తో మొదలుపెట్టండి. ముందు ఆ క్లిప్పును లేదా స్క్రూను ఊడదీయండి. చెవి పెట్టి ప్లగ్‌ను 10 నుంచి 20 డిగ్రీలు మాత్రమే తిప్పండి. అలా తిప్పితే పై పిన్నుల రంధ్రాలూ ప్లగ్ రంధ్రాలూ ఎదురుబొదురుగా ఉండవు, కాబట్టి పై పిన్నులు ప్లగ్‌లోకి పడవు. వెనక నుంచి ఫాలోయర్‌తో నెడుతూ ప్లగ్‌ను ముందుకు తీయండి. రెండింటి మధ్య వెంట్రుకంత సందు కూడా ఉండకూడదు. సందు వస్తే అందులోంచే పిన్నూ స్ప్రింగూ బయటికి దూకుతాయి. అంచులున్న ట్రేలో పని చేయండి. కింది పిన్నుల పొడవులు వేర్వేరు కాబట్టి వచ్చిన వరసలోనే పేర్చండి.

తిరిగి బిగించేటప్పుడు ఆరూ వేయకండి. ఒక మామూలు పిన్ను, ఒక స్పూల్ వేసి తీయండి. చేతికి పట్టుబడ్డాక ఇంకో స్పూల్ చేర్చండి. ఆరు పిన్నులతో నెలల తరబడి కుస్తీ పట్టడం కన్నా ఇదే దగ్గరి దారి.

ప్రశ్న: పిన్నులన్నీ సరైన ఎత్తుకు వచ్చాయనిపిస్తున్నా మెడెకో రకం తాళం తిరగదేం?

ఎత్తు సగం పనే. 1968లో మొదలైన మెడెకో తాళాల్లో పిన్నులు పైకి లేవడంతోపాటు తమ చుట్టూ తాము తిరగాలి కూడా. చెవి మీది కోతలు ఏటవాలుగా ఉండేది అందుకే. ప్రతి పిన్ను పక్కనా ఒక గాడి ఉంటుంది. గాళ్లన్నీ సైడ్‌బార్ (ప్లగ్ పక్కన అడ్డుగా ఉండే కడ్డీ) పళ్లకు ఎదురుగా వస్తేనే సైడ్‌బార్ లోపలికి జరిగి ప్లగ్‌ను వదులుతుంది. అంటే ఒకే రంధ్రంలో రెండు తాళాలు. స్పూల్ దగ్గర తడబడుతున్నంతకాలం దీని జోలికి పోవద్దు.

ప్రశ్న: కీహోల్ అర్ధచంద్రాకారంలో ఉంది, లోపల పిన్నులే లేవు. హుక్ పిక్‌తో వస్తుందా?

రాదు. అది డిస్క్ డిటైనర్. ఫిన్లాండ్‌లో 1907లో ఎమిల్ హెన్రిక్సన్ కనిపెట్టిన పద్ధతి, అబ్లాయ్ తాళాలు దాన్నుంచి వచ్చినవే. డిస్కులను వెనక్కి తోసే స్ప్రింగులు ఉండవు, తిరిగే డిస్కులే ఉంటాయి. ప్రతి డిస్కు అంచున ఒక గాడి, వాటన్నిటి మీదా ఒక సైడ్‌బార్. ఒకదానిలో ఒకటి తిరిగే రెండు భాగాల పిక్ కావాలి. ఒక భాగం ఏదో ఒక చివరి డిస్కును పట్టి టెన్షన్ ఇస్తుంది, రెండోది మిగతా డిస్కులను తిప్పుతుంది. ముందు డిస్కా వెనక డిస్కా అనేది మోడల్‌ను బట్టి మారుతుంది. కొనేముందు అది చూసుకోకపోతే డబ్బు దండగ.

బిగుతుగా ఉన్న డిస్కును వెతికి కొంచెం కొంచెంగా తిప్పండి. కోర్ (డిస్కులున్న తిరిగే భాగం) కాస్త కదిలి ఆగిందంటే ఏదో ఒక డిస్కు లోతులేని తప్పుడు గాడిలో చిక్కుకుంది. సరైన గాడిలో ఉన్న డిస్కు కాస్త అటూ ఇటూ ఆడుతుంది, తప్పుడు గాడిలోది గట్టిగా పట్టేసి ఉంటుంది. అబ్లాయ్ ప్రొటెక్‌లో ఈ ఉపాయమూ పనిచేయదు. కోర్ తిరగడం మొదలవగానే అందులో డిస్కులు ఎక్కడివక్కడ బంధించబడతాయి.

ప్రశ్న: యూఎల్ 437 (తాళాల భద్రతను పరీక్షించే అమెరికా ప్రమాణం) ముద్ర ఉన్న తాళం పిక్‌కు 10 నిమిషాలే తట్టుకుంటుందా?

ఆ పరీక్షలో అంతసేపు తట్టుకుంటే చాలు, ఆ తర్వాత తెరుచుకుంటుందని కాదు. 1851లో లండన్‌లో అమెరికా తాళాల నిపుణుడు ఆల్‌ఫ్రెడ్ హాబ్స్ చబ్ డిటెక్టర్ అనే తాళాన్ని 25 నిమిషాల్లో తీశారు. బ్రామా తాళానికి మాత్రం 16 రోజుల వ్యవధిలో 50 గంటలకు పైగా పట్టింది. మనిషిని బట్టి, తాళాన్ని బట్టి లెక్క మారిపోతుంది.

ప్రశ్న: మా ఇంటి తలుపు తాళం మీదే సాధన చేయవచ్చా?

వద్దు. కీహోల్ అడుగు తెరిచి ఉండే సిలిండర్లలో ప్లగ్ 180 డిగ్రీలు తిరిగితే పై పిన్నులు ఆ సందులోకి దిగి ఇరుక్కుంటాయి. చెవి కూడా పనిచేయదు, మీరు బయటే ఉంటారు.

ప్రశ్న: తాళం సాఫీగా తిరగడానికి గ్రాఫైట్ పొడి వేయాలా, నూనె వేయాలా?

ఏదో ఒకటే. పొడి మీద నూనె పడితే ముద్దగా మారి పిన్నులు నెమ్మదిస్తాయి. ఇప్పటికే రెండూ కలిసిపోతే, విప్పి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి పూర్తిగా ఆరాకే బిగించండి.